పంతొమ్మిదో తేదీ పిల్ల

నా పుట్టినరోజున మా ఊళ్ళో ఎవరూ నవ్వరు. నవ్వకూడదు. కొట్లు మూసేస్తారు, మిల్లు కూత ఒక్కసారి పొడుగ్గా కూస్తుంది, ఊరంతా రెండు నిమిషాలు తలలు దించుకుని నిలబడుతుంది. నేనేదో మహారాణిననుకునేరు, కేకుల కొట్లో పనిచేస్తాను. ఊళ్ళోవాళ్ళ పుట్టినరోజు కేకులన్నిటి మీదా క్రీముతో పేర్లు రాసేది నేనే. నా పుట్టినరోజు నాడు మాత్రం ఆ కొట్టుకి తాళం. ఇంతకంటే వెటకారం ఇంకేముంటుంది చెప్పండి?

సంగతేమిటంటే, నేను పుట్టిన రోజునే మా బట్టల మిల్లులో బాయిలర్ పేలింది. పొద్దుటి షిఫ్టులో ఉన్నవాళ్ళు నలభై మంది పోయారు. వాళ్ళలో మా నాన్న ఒకడు. ఆ పొద్దున్నే అమ్మకి నొప్పులొచ్చి పాత ఆస్పత్రికి పోతే, వరండాలో కాలినవాళ్ళని పడుకోబెడుతుంటే, లోపల గదిలో నన్ను కన్నదట. అప్పటి నుంచీ ఊరికి నేను పంతొమ్మిదో తేదీ పిల్లని. బళ్ళో వేసిన పేరు ఒకటుంది గానీ దాంతో ఎవరు పిలిచారు కనక! "ఏమే పంతొమ్మిదీ, అరకిలో కేకు కట్టు" అంటారు. నోరు మూసుకుని కడతాను.

ఈ రోజుని చెక్కు చెదరకుండా కాపాడుతున్నది మౌనం మాస్టారు. ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు నేర్పేవాడు. ఇప్పుడు సంస్మరణ కమిటీకి అధ్యక్షుడు. రెండు నిమిషాల మౌనానికి విజిలు ఊదేది ఆయనే, అందుకే ఆ పేరు. మౌనం రెండు నిమిషాలే గానీ దానికి ముందు ఆయన మాట్లాడేది గంటన్నర. లోకంలో ఎక్కడెక్కడ ఆ నెలలో ఆ తేదీన ఏం జరిగిందో అంతా ఏరుకొచ్చి మైకులో చదువుతాడు. ఇదే రోజున ఫలానా సముద్రంలో ఓడ మునిగింది. ఇదే రోజున ఫలానా రాజు గద్దె దిగాడు. ఇదే రోజున ఫలానా కోట కూలింది, ఎవరో మహానుభావుడు ఏదో యంత్రం కనిపెట్టాడు. ఏటా రెండు మూడు కొత్తవి కలుస్తాయి. వాటిలో సగం ఎక్కడివో ఆ పైవాడికే తెలియాలి. చివరికి గొంతు పెంచి, "ఇదే రోజున మన మిల్లు! ఇదే రోజున ఈ అమ్మాయి!" అని నా వైపు చెయ్యి చాపుతాడు. నేను తెల్లబట్టల్లో లేచి నిలబడాలి. మన దుఃఖానికి ఎన్నేళ్ళొచ్చాయో జనం నన్ను చూసి లెక్కేసుకుంటారు.

అయిదేళ్ళప్పుడు అనుకుంటా, ఒక పావురం వచ్చి మాస్టారి బట్టతల మీద వాలబోయి జారింది. నేను కిసుక్కుమన్నాను. ఊరు ఊరంతా నా వైపు తిరిగింది. పక్కనున్న అమ్మ తల ఎత్తకుండానే తొడపాశం పెట్టింది, నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. "చూడండి, పసిదానికి కూడా తండ్రి గుర్తొచ్చాడు" అన్నాడు మాస్టారు మైకులో. జనం ముక్కులు చీదుకున్నారు.

ఆయనంటే నాకు పీకల దాకా కోపం. అలాగని దుర్మార్గుడు కాదు, అదే వచ్చిన చిక్కు. ఆయన తమ్ముడు ఆ షిఫ్టులోనే పోయాడు. బతిమాలి మిల్లులో చేర్పించింది ఈయనే. ఏ విశేషమూ లేని ఒక మామూలు పొద్దున తమ్ముడు ఊరికే పోయాడంటే ఆయన మనసు ఒప్పుకోదు. అందుకని ఆ రోజుకి ఓడల్నీ రాజుల్నీ తోడు తెచ్చుకుంటున్నాడు. జాలి పడమంటే పడతాను. నా కడుపులో బిడ్డని కూడా ఆ వరసలో నిలబెడతానంటే మాత్రం ఊరుకోను.

అవును, అక్కడికే వస్తున్నాను. నాకు నెలలు నిండాయి. డాక్టరమ్మ చూసి, "బిడ్డ అడ్డంగా ఉంది. ఆపరేషన్ చేయాల్సిందే. వచ్చే వారంలో ఏ రోజైనా ఫరవాలేదు, నువ్వే చెప్పు" అంది. వచ్చే వారమంటే ఏ వారమో వేరే చెప్పాలా? "పదహారు" అన్నాను టక్కున.

ఆ ఆస్పత్రిలో ఒక కంపౌండరున్నాడు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు సాయంత్రానికి మాస్టారు కమిటీని వెంటేసుకుని మా ఇంటికి దిగబడ్డాడు. "అమ్మా, ఇదే రోజున తల్లి, ఇదే రోజున బిడ్డ! ఎక్కడైనా విన్నామా? పంతొమ్మిదిన పెట్టించుకో తల్లీ" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు, అంత సంబరం. మా అత్తయ్య అయితే ఉబ్బి తబ్బిబ్బయింది. మనవడితో పేపర్లో ఫొటో పడుతుందని ఆవిడకి అప్పుడే ఖాయమైపోయింది.

మా ఆయన కరెంటు పని చేస్తాడు, కమిటీకి మైకు కట్టేదీ తనే. "మూడు రోజుల తేడాకి ఎందుకే అంత పట్టుదల? ఎలాగూ పుట్టేదేగా" అన్నాడు.

"మీ పుట్టినరోజు నాడు మీరేం చేస్తారు?"

"ఏముంది, ఫ్రెండ్స్‌తో సినిమాకి పోతాను."

"నా బిడ్డకీ సినిమాకి పోయే పుట్టినరోజు కావాలి."

మా ఆయన బుర్ర గోక్కున్నాడు. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఇంతమంది ఇన్ని అంటుంటే ఒక్క మాట మాట్లాడలేదు. మిగతావాళ్ళ మీదకంటే నాకు అమ్మ మీదే ఎక్కువ ఒళ్ళు మండింది.

పదహారున ఆస్పత్రికి వెళ్తే ఆపరేషన్ గదిలో లైట్లు మారుస్తున్నారట. ఎప్పటిదాకా అంటే పద్దెనిమిది సాయంత్రం దాకా! ఆ ఆస్పత్రి కట్టించింది కమిటీయే, ఏ లైటు ఎప్పుడు మార్చాలో చెప్పేదీ కమిటీయే. ఇంకో ఆస్పత్రికి పోదామంటే ఏటి అవతల, దారంతా గతుకులు. "దారిలో ఉమ్మనీరు పోయిందంటే బిడ్డ దక్కదు, నేను పంపను" అంది డాక్టరమ్మ. నా మొహం చూసి కాస్త మెత్తబడింది. "నువ్వు వద్దంటే పంతొమ్మిదిన నేను కత్తి పట్టను. ఇరవైన చేస్తాను. అందాకా ఇక్కడే పడుకో. కదలకు."

కదలకుండా పడుకున్నాను. ఆ గదికి ఒకటే కిటికీ, దాని రెక్క తుప్పు పట్టి మూతపడదు. అందులోంచి చూస్తే ఎదురుగా చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన స్తంభం, దాని ముందు వేదిక. కుర్చీలు దింపుతున్నారు, వేదికకి తెల్లగుడ్డ కొడుతున్నారు. మా ఆయన నిచ్చెనెక్కి మైకు బూర కడుతున్నాడు, కట్టి కట్టి నా కిటికీ వైపే తిప్పాడు. వద్దని చెయ్యి ఊపితే, పలకరిస్తున్నాననుకుని తనూ ఊపాడు. మాస్టారు రోజూ పళ్ళు పట్టుకుని వచ్చి గుమ్మంలోంచే అడిగేవాడు, "నొప్పులేమైనా ఉన్నాయా తల్లీ?"

"లేవండీ."

"రాకపోతాయా" అని, ఓదార్చినట్టు తలూపి వెళ్ళేవాడు. పీక పిసకాలనిపించేది.

పంతొమ్మిది పొద్దున అత్తయ్య తెల్లబట్టలు కట్టి, పౌడరు కాస్త ఎక్కువే రాసుకుని నా బదులు వేదికెక్కడానికి బయల్దేరింది. అమ్మ బయల్దేరలేదు. ఇన్నేళ్ళలో అమ్మ ఆ మీటింగుకి వెళ్ళకపోవడం అదే మొదటిసారి. "మోకాళ్ళు నొప్పి" అంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మైకు మొదలైంది. మాస్టారు గొంతు సవరించుకుని ఓడ దగ్గర ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా నడుములోంచి ఒక నొప్పి లేచి పొట్ట చుట్టూ తిరిగింది. కాదులే, పడుకుని పడుకుని పట్టేసి ఉంటుందనుకున్నాను. రాజు గద్దె దిగేసరికి ఇంకోటి వచ్చింది. కోట కూలేటప్పటికి మంచం పట్టీని పట్టుకున్న నా వేళ్ళు తెల్లబడ్డాయి. అరిస్తే అయిపోయానే! ఈ పగలు గడిస్తే చాలు, ఈ ఒక్క రోజు గడిస్తే చాలు. అదే పాటగా పళ్ళు బిగించుకుని పడుకున్నాను. తప్పేనండీ, ఒప్పుకుంటాను. ఆ కాసేపూ నాకు బిడ్డ గుర్తు లేదు, తేదీయే ఉంది.

అమ్మ వచ్చి నా నుదుటి మీద చెయ్యేసింది. చెయ్యంతా తడి అయింది. "ఎప్పట్నించే?"

"ఓడ మునిగినప్పట్నించి."

"ఓసి నీ మొహం మండా!" దుప్పటి లాగి చూసింది. పక్క తడిసి ఉంది. "తేదీ కోసం పిల్లని చంపుకుంటావా?"

"ఇంకొంచెం ఆగుతానే అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అంటూనే ఉన్నాను. అమ్మ అప్పటికే నడవాలో పడి డాక్టరమ్మని కేకేస్తూ పరుగెడుతోంది. మోకాళ్ళ నొప్పి ఏమైందో మరి.

నడుములోకి సూది వేశారు, కింద సగం నాది కాకుండా పోయింది. పైన సగానికి మాత్రం అన్నీ వినిపిస్తున్నాయి, మైకుతో సహా. "ఓడిపోయాను డాక్టరుగారూ" అని వెక్కి వెక్కి ఏడ్చాను. "ఊరుకోమ్మా, కదలకు" అంది ఆవిడ. కాసేపటికి నీలంగా, చిన్నగా, కోపంగా ఉన్న ఒక మొహాన్ని నా చెంపకి ఆనించింది. ఆడపిల్ల. ఆ కోపం చూడగానే నా కూతురేనని నమ్మకం కుదిరింది.

"ఒక సాయం చేయండమ్మా" అని గుమ్మంలోంచి అమ్మ మొదలుపెట్టబోయింది.

"తేదీ మార్చలేనమ్మా. ఏ రోజు పుడితే ఆ రోజే రాస్తాను" అంది డాక్టరమ్మ. "ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పక్కర్లేదో అది మీ ఇష్టం."

నన్ను గదిలోకి తెచ్చి పడుకోబెట్టారో లేదో, బయట మైకు అదిరింది. కంపౌండరు మోసేశాడన్నమాట. "ఇప్పుడే అందిన వార్త! మన అమ్మాయిని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు! ఇదే రోజున, ఇదే పూట! మౌనం పాటించాక ఆ చిన్నారిని మీ ముందుకి తీసుకొస్తాం!" జనం చప్పట్లు కొట్టారు. నా గుండె గుభేల్మంది. లేద్దామంటే కాళ్ళు నావి కావు. విజిలు వినిపించింది, ఊరంతా చప్పుడు ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో నా కూతురు గుక్క పట్టింది. అమ్మ గబుక్కున చిటికెన వేలు దాని నోట్లో పెట్టింది. ముగ్గురం అలా బిగుసుకుపోయి ఉన్నాం. ఆ రెండు నిమిషాలూ నాకు గడవలేదు.

మళ్ళీ విజిలు. నడవాలో చెప్పుల చప్పుడు. అమ్మ పిల్లని నా చేతుల్లో పెట్టి, తలుపు కాస్త తీసి, రెండు చేతులూ గుమ్మానికి అటూ ఇటూ ఆనించి నిలబడింది. అమ్మ చేతి కిందనుంచి చూశాను. మాస్టారు, ఫొటోగ్రాఫరు, అత్తయ్య, వెనక మా ఆయన.

"చెల్లెమ్మా, పాపా బాబా?"

"ఇంకా ఎవరూ పుట్టలేదు అన్నయ్యగారూ. వెళ్ళండి."

నా కూతురికి ఆ మాట నచ్చలేదు కాబోలు, కేర్‌మంది.

"అదిగో ఏడుపు!"

"పక్క గదిలోది."

"పక్కది దుప్పట్లు పెట్టే గది కదమ్మా."

"అయితే దుప్పట్లే ఏడుస్తున్నాయి. వెళ్ళండి."

ఫొటోగ్రాఫరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. "రెండే రెండు నిమిషాలమ్మా. అంతమంది ఎదురుచూస్తున్నారు. మా తమ్ముడు..." అంటూ మెళ్ళో విజిలుని గుప్పిట్లో పట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకే జాలేసింది. ఇప్పుడు అమ్మ పక్కకి తప్పుకుంటుందనుకున్నాను. ఎప్పుడూ తప్పుకునే మనిషే.

"మీ తమ్ముడు పోయాడు, మా ఆయన పోయాడు" అంది అమ్మ. "పిలిచినన్నేళ్ళూ వచ్చాను. నిలబడమన్నచోట నిలబడ్డాను. నా కూతుర్ని ఇచ్చాను. ఇంక నా దగ్గర ఇవ్వడానికేం లేదు అన్నయ్యగారూ."

వెనకనుంచి మా ఆయన ముందుకొచ్చి మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. "పదండి మాస్టారూ. మైకు విప్పేస్తాను." అత్తయ్య ఏదో అనబోతే, "నువ్వు కూడా పదమ్మా" అన్నాడు. ఆ పెద్దాయన మెళ్ళో విజిలు ఊగుతుండగా, ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అమ్మ గడియ పెట్టి, వచ్చి మంచం మీద కూర్చుంది. బయట కుర్చీలు మడిచే చప్పుడు వినిపిస్తోంది. రేపు మళ్ళీ వస్తారు, వచ్చే ఏడు వస్తారు. కాగితం మీద పంతొమ్మిదే ఉంటుంది. అవన్నీ నాకు తెలుసు. అయినా సంతోషించాల్సింది పోయి నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది.

"ఈ ధైర్యం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే? దీన్ని ఇవ్వనన్నావు. మరి నన్నెందుకు ఇచ్చేశావు?"

అమ్మ పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసింది.

"ఇవ్వలేదే" అంది. "నువ్వు పుట్టగానే మాస్టారు వచ్చి నిన్ను ఎత్తుకున్నాడు. వరండాలో అందరూ ఏడుస్తున్నారు, ఒక్కసారి చూపించి తెస్తానని పట్టుకెళ్ళాడు. ఆపుదామంటే నేను లేవలేకపోయాను. మీ నాన్న వస్తాడు కదా, వెళ్ళి తెచ్చిస్తాడులే అని పడుకున్నాను. అప్పటికింకా నాకెవరూ చెప్పలేదు."