ఇనుముకు ఉడుకునీళ్లు

నేను ఒక మందు తుపాకిని. మూతిలోంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టిస్తే గాని పలకని పాతకాలపు దాన్ని. ఇప్పుడొక ప్రదర్శనశాలలో గాజు పెట్టెలో పడుకుని ఉన్నాను. నా ముందున్న చీటీ మీద ‘నాటు తుపాకి, చేసినవారు తెలియదు’ అని రాశారు. తెలియకపోవడమేమిటి? నన్ను చేసింది కంబగిరాచారి. ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి, కడ్డీ చుట్టూ చుట్టి, అతుకు కనబడకుండా మూడు నెలలు కొట్టాడు. మొదటిసారి పేల్చి చూశాక ఉడుకునీళ్లతో నన్ను లోపలా బయటా కడిగి, కొలిమి పక్కన ఆరబెట్టాడు. కొనడానికి వచ్చిన వెంకటపతి నాయుడు గుండు ఎంత దూరం పోతుందని అడిగాడు, గురి ఎలా ఉంటుందని అడిగాడు. నన్ను ఎలా చూసుకోవాలని మాత్రం అడగలేదు. అడగని మాట చెప్పే అలవాటు ఆచారికి లేదు.

నూనె తగిలితే ఇనుముకు మంచిది, నీళ్లు తగిలితే చెడ్డది అని మనుషులు గట్టిగా నమ్ముతారు. మామూలు ఇనుము సంగతి అయితే అది నిజమే. కానీ నా కడుపులో మందు కాలాక మిగిలే మసి ఉప్పులాంటిది. గాలిలో తేమ ఎక్కడున్నా పీల్చుకుని నన్ను లోపల్నించి కొరుకుతుంది. నీళ్లతో అయితే కరిగిపోతుంది. నూనె పోస్తే కరగదు, ముద్దకడుతుంది. ఇది తెలియక నాయుడి ఇంట్లో ప్రతి పెళ్లికీ నన్ను పేల్చి, వాసన నూనె రాసి గోడకు తగిలించేవారు. బయట అద్దంలా మెరిసేదాన్ని. లోపల ఏమవుతోందో చూసినవారు లేరు.

నాయుడు పోయాక నేను పాలకొండల కింద పల్లెలో సిద్దప్ప చేతికి వచ్చాను. సిద్దప్పకు కొండ అంచున నాలుగెకరాల శెనక్కాయ చేను ఉంది. అడవి పందుల భయానికి సర్కారు వారిని అడిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. నన్ను ప్రాణంలా చూసుకున్నాడు. నీటి ఇంజను బాగుచేసే మెకానిక్ దగ్గర నల్లటి ఇంజనాయిలు తెచ్చి వారం వారం గొట్టంలో పోసేవాడు. ఆ ప్రేమే కొంప ముంచింది.

కాయ ఊరి, పెరకడానికి సిద్ధంగా ఉన్న రోజులు. వారం నుంచీ ముసురు. ఒకనాడు తెల్లవారేసరికి చేనులో పందులు పడ్డాయి. సిద్దప్ప నన్ను భుజానికెత్తి మీట నొక్కాడు. గుర్రం అని పిలిచే నా చిన్న సుత్తి, చిల్లి మీద తొడిగే నిప్పుమందు టోపీ మీద పడింది. టిక్కుమంది, అంతే. నిప్పురవ్వ లోపలికి పోయే సన్నని చిల్లిలో మసీ ఆయిలూ కలిసి తారులా గడ్డకట్టి ఉన్నాయి. సిద్దప్ప కాసేపు ఆగి ఉంటే బాగుండేది. నన్ను భుజం మీంచి దించి, ఏమైందోనని వంగి చూశాడు. ఆ తారులో నెమ్మదిగా పాకుతున్న నిప్పు అప్పుడు మందును అందుకుంది. గుండు నేలలో దిగింది. చిల్లిలోంచి ఎగజిమ్మిన నిప్పు అతని కుడికన్నులో పడింది.

ఆసుపత్రిలో ఇరవై రోజులున్నాడు. కన్ను దక్కలేదు.

ఇంటికి రాగానే భార్య ఓబుళమ్మతో అన్న మొదటి మాట, "దాన్ని బాయిలో పారెయ్ మే. నా కంట్లో పడగూడదది."

"ఉండే ఒక కంటికి గూడా పడకుండా దాచిపెడతాలే," అంది ఓబుళమ్మ. "బాయిలో ఏస్తే పందులు నట్టింట్లోకొచ్చి కూసుంటాయి. అయినా ఇన్నేండ్లు బాగ పలికిండేది ఆ పొద్దు ఎందుకు పలకలా? అది తెలీకుండా నేను పారెయ్యను."

అప్పటికి నన్ను చేతబట్టినవారు ఎందరో. ఎందుకని అడిగిన మొదటి మనిషి ఆమే.

మర్నాడు ఎండలో నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిల్లిలో సన్నని తీగ పెట్టి తిప్పితే నల్లటి జిగురు వచ్చింది. వేలికి రాసుకుని వాసన చూసింది. కాటుక చేసే ఆడమనిషికి మసీ నూనే కలిస్తే ఏమవుతుందో ఒకరు చెప్పాలా? పొడిగుడ్డతో తుడిస్తే కదల్లేదు. తడిగుడ్డ పెడితే మసి నీళ్లలోకి దిగింది. వెంటనే వెళ్లి పొయ్యి మీద నీళ్ల కుండ పెట్టింది.

సిద్దప్ప మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "నీకేమన్నా పిచ్చా? ఇనుముకు నీళ్లా?"

"చన్నీళ్లయితే తడి నిలిచిపోతాది. ఉడుకుడుకు నీళ్లు పోస్తే ఇనుమే కాగి, దాని తడి అదే ఆరబెట్టుకుంటాది. ఇనప పెనం కడిగి పొయ్యి మీద బోర్లిస్తే తుప్పెక్కుతాందా?"

నలభై ఏళ్ల తర్వాత నాకు స్నానం దొరికింది. ఏడు కుండల నీళ్లు నల్లగానే వచ్చాయి. ఎనిమిదో కుండ నీళ్లు తెల్లగా వచ్చాయి.

ఆరాక ఏం రాయాలన్నది రెండో చిక్కు. ఈలోగా తాలూకా నుంచి కాగితం వచ్చింది. నెల తిరిగేలోగా లైసెన్సుదారులందరూ అధికారి ఎదుట తమ తుపాకులు పేల్చి చూపాలి. పలకని తుపాకికి లైసెన్సు రద్దు. వాన మాత్రం వెలవడం లేదు. ఓబుళమ్మ తొందరపడలేదు. ఆరు మేకులు తెచ్చి, నా మసి పూసి, కడిగి ఆరబెట్టి, ఒక్కోదానికి ఒక్కోటి రాసి గిలక బావి దూలానికి వానలో వేలాడదీసింది. ఒకదానికి శెనగనూనె, ఒకదానికి కొబ్బరినూనె, ఒకదానికి ఆముదం, ఒకదానికి ఇంజనాయిలు, ఒకదానికి పొట్టేలు కూర మీద తేలిన కొవ్వు. ఆరోదానికి తేనెమైనంలో ఆముదం కలిపి కరిగించింది.

పది రోజులకు విప్పి చూసింది. శెనగనూనె బంకలా సాగింది. కొబ్బరినూనెను వాన కడిగేసింది. ఆముదం ఫరవాలేదు. కూర కొవ్వు పూసిన మేకు అన్నిటికన్నా ఎక్కువ ఎర్రబడింది. ఆమెకు అర్థం కాలేదు. నాలుకకు తగిలించి చూసి, పకపక నవ్వింది.

"ఉప్పు! కూరలో ఉప్పేసింది నేనే గదా!"

ఇంజనాయిలు మేకు నిగనిగలాడుతూనే ఉంది. సిద్దప్పకు అది చూడగానే ధైర్యం వచ్చింది. "చూసినావా? నా ఆయిలు మంచిదే."

"మంచిదే. పండుకోబెట్టేదానికి మంచిది, పేల్చేదానికి కాదు. మందు పోసేముందర తుడిచెయ్యల్ల. నువ్వు తుడవలా."

ఇంకెవరు చెప్పినా అతనికి కోపం వచ్చే మాట అది. ఆమె చెప్పింది కాబట్టి తల దించుకుని విన్నాడు.

ఆరో మేకు మీద నీటిబొట్లు నిలవకుండా జారిపోయాయి. ఆ ముద్దనే నా ఒంటికి పలచగా రుద్దింది. గుండుకు చుట్టే గుడ్డకూ అదే పూసింది. చిల్లిని మాత్రం పొడిగా ఉంచింది.

తాలూకా కచేరీ వెనక మైదానంలో పదిమంది తుపాకులతో నిలబడ్డారు. ముసురు పడుతూనే ఉంది. మా ముందు పేల్చిన నలుగురిలో ఇద్దరివి పలకలేదు. టిక్కుమన్న ప్రతిసారీ సిద్దప్ప భుజం ఉలిక్కిపడింది. మా వంతు వచ్చింది. మందు పోశాడు, గుండు దట్టించాడు, టోపీ పెట్టాడు. అక్కడితో చేతులు ఆగిపోయాయి.

"ఏమయ్యా, పేలుస్తావా లేదా?" అన్నాడు అధికారి.

ఓబుళమ్మ ముందుకొచ్చింది. "సామీ, నేను పేలుస్తా."

"కుదరదమ్మా. లైసెన్సు ఎవరి పేరుతో ఉందో వాళ్లే."

సిద్దప్ప నన్ను ఎడమ భుజానికి ఎత్తాడు. అప్పుడు ఆమె అతని కుడిపక్కకు వచ్చి నిలబడింది. నా చిల్లి ఉన్న వైపు. ఆ రోజు నిప్పు ఎగజిమ్మిన చోటికి సరిగ్గా తన ముఖం వచ్చేంత దగ్గరగా.

"జరుగు మే," అన్నాడు సిద్దప్ప.

"నేను రాసిందే గదా. నేనీడనే ఉంటా."

"ఓబుళా, జరుగు!"

"పేల్చు."

నేను ఇనుమును. మొక్కుకోవడం నాకు రాదు. ఆ క్షణంలో నా ఒళ్లంతా ఆ సన్నని చిల్లి వైపే చూసింది. మీట కదిలింది. గుర్రం పడింది. టోపీ చప్పుడుకూ నా చప్పుడుకూ మధ్య వెంట్రుకంత సందు కూడా లేదు. కచేరీ పెంకుల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

పొగ తెల్లగా కమ్మేసింది. అధికారి ఏదో అంటున్నాడు. సిద్దప్ప వినలేదు. నన్ను తడినేల మీద వదిలేసి, పొగలో రెండు చేతులూ చాచి ఆమె ముఖం వెతికాడు. నుదురు తడిమాడు. ఒక కన్ను మీద బొటనవేలు పెట్టాడు, రెండో కన్ను మీద పెట్టాడు. రెప్పలు కొట్టుకుంటున్నాయి.

"ఉండాయిలే రెండూ," అంది ఓబుళమ్మ. "చేతులు తియ్. ముక్కంతా మసి పూస్తాండావు."