సగంలో తెగిన మాట

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళు కోలుకునే ఆసుపత్రి అది. ప్రతి మంచం పక్కనా ఒక చిన్న తెర, ఒక కీబోర్డు ఉంటాయి. రోగి ఇక్కడ టైపు చేస్తే ఇంట్లోవాళ్ళ తెర మీద అక్షరం అక్షరంగా కనబడుతుంది. వాళ్ళు వేసేది ఇక్కడ కనబడుతుంది. ఆ ప్రోగ్రాం రాసినాయన రిటైరై చాలాకాలమైంది. ఇప్పుడు దాని మంచిచెడ్డలు చూసేది ఆయన మేనకోడలు. ఎప్పుడు చూసినా బల్లల కింద దూరి తీగలు సర్దుతూ ఉంటుందని నర్సులు ఆమెకు వైర్లమ్మ అని పేరు పెట్టారు.

ఆ ఏడాది పాత సర్వర్ కాస్తా ప్రాణం విడిచింది. అందులో నడిచింది బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం. కొత్తగా కొన్నదానిలో లినక్స్ ఉంది. రెండూ యూనిక్స్ వంశానివే. అన్నదమ్ముల పిల్లలే కదా, ఒక పూట పని అనుకుని వైర్లమ్మ ప్రోగ్రాంను కొత్తదానికి మార్చడం మొదలుపెట్టింది. ఆ పూట వారమైంది. నెట్‌వర్క్ చిరునామా రాసేచోట పాత సిస్టంలో మొదట పొడవు చెప్పే గడి ఒకటి ఉండేది. కొత్తదానిలో ఆ గడే లేదు. అవతలివాళ్ళు లైను మూసేశాక ఏదైనా పంపితే ప్రోగ్రాం కుప్పకూలిపోకుండా ఆపే పద్ధతి కూడా రెండింట్లో రెండు రకాలు. అయితే ఇవన్నీ నోరున్న తప్పులు. ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలరే అరిచి చెప్పింది, ఆమె దిద్దుకుంటూ పోయింది.

కొత్త సర్వర్ మొదలైన కొద్ది రోజులకు ఒక పొద్దున్న ఒకావిడ సర్వర్ గది గుమ్మంలో నిలబడింది. మూలమంచం మీదున్న దర్జీ భార్య. భర్త ఆసుపత్రిలో చేరినప్పటినుంచి షాపు ఆవిడే నడుపుతోంది. ఆయనతో మాట్లాడే తెర కూడా అక్కడే పెట్టుకుంది.

"అమ్మా, అడగొచ్చో అడగకూడదో తెలీదు. మా ఆయనకి నా మీద కోపం వచ్చినట్టుంది."

"ఎందుకలా అనుకుంటున్నారు అక్కా?"

"మాట మధ్యలో లైను కట్ చేసేస్తున్నారు. ఆయన కత్తిరించి పెట్టిన కోటొకటి షాపులో ఉండిపోయింది. చెయ్యి అతికిస్తుంటే భుజం దగ్గర ముడత పడుతోంది, ఏం చెయ్యాలో చెప్పమన్నాను. 'చెయ్యి కుట్టే ముందు' అని వేసి కట్ చేశారు. మళ్ళీ కలిపితే మళ్ళీ అక్కడికే వచ్చి కట్. కోపమా అని అడిగితే జవాబు లేదు. ఇప్పుడు ఎదురుగా వెళ్ళి అడిగాను. గోడవైపు తిరిగి పడుకున్నారు." ఆవిడ నవ్వడానికి ప్రయత్నించి మానేసింది. "ఆయన కోటు ఆయన్ని అడక్కుండా ముట్టుకున్నానని కాబోలు."

ఆవిడ షాపు తెరవడానికి వెళ్ళాక వైర్లమ్మ వార్డుకు వెళ్ళింది. దర్జీ కీబోర్డు మీద తువ్వాలు కప్పి ఉంది. ఆయనకు కుడిచెయ్యి లేవదు. ఎడమచేతి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కోవాలి. వెతుకుతుండగానే ఆ అక్షరం ఏదో మరిచిపోతాడు, మళ్ళీ గుర్తు తెచ్చుకుంటాడు.

"రెండ్రోజులుగా ముట్టుకోవడం లేదు," అంది నర్సు.

వైర్లమ్మ తువ్వాలు తీసి తనే గబగబా నాలుగు వాక్యాలు వేసింది. లైను తెగలేదు. దర్జీ తన వేలిని చూపించి, తల అడ్డంగా ఊపాడు. నేరం దానిదే అన్నట్టు.

"మీ వేలు మంచిదే. నా ప్రోగ్రామే ఏదో తిక్క చేస్తోంది. ఒక్కసారి వేసి చూపించండి, పట్టుకుంటాను."

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఆమె కుర్చీ జరుపుకుని కూర్చుంది. తొందరపెట్టకూడదని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నా, వ, ల్ల. మధ్యమధ్య ఆయన పెదవులు కదుపుతూ ఆగుతున్నాడు. పా, డ... తెర ఖాళీ అయిపోయింది. లైను తెగింది.

ఎవరైనా కునుకు తీస్తే లైను ఊరికే తెరిచి ఉండకూడదని, ఒకటిన్నర నిమిషం ఏ మీటా నొక్కకపోతే ప్రోగ్రాం లైను మూసేస్తుంది. కానీ దర్జీ వేలు ఇంకా మీట మీదే ఉంది. వైర్లమ్మ అక్కడే మావయ్యకు ఫోన్ చేసి చెప్పింది.

"మీట కోసం కాచుకునే సెలెక్ట్ ఫంక్షన్‌ను పిలిచే చోటు చూడు," అన్నాడు మావయ్య. "ఎంతసేపు కాచుకోవాలో ఒక డబ్బాలో వేసి ఇస్తాం కదా. బీఎస్‌డీ ఆ డబ్బా జోలికి పోదు, ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుంది. లినక్స్ వాడుకున్నంత తీసేసి, మిగిలింది అందులో పెడుతుంది."

"అంటే ప్రతి అక్షరానికీ ఒకటిన్నర నిమిషం కాదన్నమాట. వాక్యం మొత్తానికీ కలిపి అంతే."

"అదే. చకచకా వేసేవాళ్ళకి తెలీనే తెలీదు."

"మరి అది లినక్స్ తప్పు కాదా మావయ్యా?"

"తప్పెందుకవుతుంది? మిగిలిందెంతో చెప్పడం దాని మర్యాద. ఒక ఇంటి మర్యాద ఇంకో ఇంట్లో ఉండాలని రూలేం లేదు కదమ్మా. అడిగే ముందు ప్రతిసారీ డబ్బా నువ్వే నింపుకో. ఏ ఇంట్లోనైనా నడుస్తుంది."

ఆమె ఫోన్ పెట్టబోతూ ఆగింది. "అసలు అక్షరం అక్షరంగా పంపడమెందుకు పెట్టావు? వాక్యం అయ్యాక ఒక్కసారే పంపితే ఈ గొడవే ఉండేది కాదు."

"మీ అత్తయ్య అక్కడున్నప్పుడు ఒక్క మాట వెయ్యడానికి చాలాసేపు పట్టేది. ఆ కాసేపూ తను కూర్చునే ఉందో పడిపోయిందో తెలీక కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఒక్క అక్షరం కనబడితే ప్రాణం లేచొచ్చేది. అందుకు."

ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. "సరే మావయ్యా, సాయంత్రం వస్తాను" అంది.

మార్చాల్సింది ఒక్క వరుస. డబ్బా నింపే ఆ వరుస, ప్రతి అక్షరానికీ తిరిగే లూపు బయట ఉంటే, తెచ్చి లోపల పెట్టింది. మధ్యాహ్నం తిరిగొచ్చి దర్జీ షాపుకు లైను కలిపింది.

ఆయన మొదలుపెట్టాడు. ఆమె కిటికీ పక్కన నిలబడి చూసింది. వార్డులో భోజనాల బండి వచ్చి వెళ్ళింది. పక్కమంచం వాళ్ళు తిని పడుకున్నారు. 'చెయ్యి కుట్టే ముందు భుజం తొడిగి చూడు' అన్న వాక్యం చివరిదాకా నిలబడింది. అవతలినుంచి వెంటనే 'అలాగే' అని వచ్చింది.

ఆయన ఆపలేదు. మళ్ళీ వెతికాడు. 'కో' అని వేశాడు.

'కోటు సంగతి నేను చూసుకుంటాను, మీరు అలిసిపోకండి' అని వచ్చింది.

దర్జీ విసుగ్గా తల ఊపి వేలు మళ్ళీ ఎత్తాడు. పం. చెమట తుడుచుకున్నాడు. లే. తర్వాతి అక్షరం ఎక్కడుందో దొరకలేదు. వైర్లమ్మకు చూపించాలనిపించింది, కానీ ఊరుకుంది. దు.

కోపం లేదు.

ఈసారి అవతలినుంచి ఏమీ రాలేదు. దర్జీ తెరవంక చూస్తూ కూర్చున్నాడు, లైను తెరిచే ఉంది. చివరికి ఒక్క 'స' వచ్చింది. ఆ వెనక 'రే'.

మర్నాడు ఆవిడ కోటు చేతిమీద వేసుకుని వచ్చింది. దాన్ని నర్సుకు తొడిగి మంచం ముందు నిలబెట్టింది. దర్జీ భుజం దగ్గర బట్టను వేళ్ళతో తడిమి, ఎడమచేత్తో గుండుసూది గుచ్చాడు. వంకరగా పడింది. ఆవిడ దాన్ని సరిచెయ్యలేదు. సుద్దముక్కతో ఆ వంకర వెంటే గీత గీసుకుంది.