పద్నాలుగు మెట్ల కొలత

ఆఫీసులో అందరూ ఆమెను కొలతలక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భవనాల ప్లాన్లు గీస్తోంది. ఎడమచేత్తో రెండక్షరాలు కొడితే గోడ, మూడు కొడితే తలుపు. కాపురం చేసిన మనిషికి తెలిసినట్టు దాని అలకలన్నీ ఆమెకు తెలుసు. ఎప్పుడు మొరాయిస్తుందో పసిగట్టి ముందే ఫైలు సేవ్ చేసుకునేది.

ఆ ఏడు కొత్త వెర్షన్ వచ్చింది. తన వంటింట్లో ఎవరో దూరి డబ్బాలన్నీ మార్చేసినట్టు అనిపించింది ఆమెకు. అలవాటు కొద్దీ తలుపు కోసం మూడక్షరాలు కొడితే, సహాయం చేస్తానంటూ తెర మీద ఓ కిటికీ తెరుచుకునేది. ఇంట్లోనూ అదే ధ్యాస. ఓ ఉదయం "ఆ బటన్ ఎక్కడ చచ్చిందో!" అని గొణిగితే, భర్త ఉలిక్కిపడి చొక్కా తడుముకున్నాడు.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసింది.

"మార్పులన్నీ మీ సౌకర్యం కోసమే మేడమ్," అన్నాడు అవతలి కుర్రాడు.

"నన్ను అడక్కుండా నా సౌకర్యం మీకెలా తెలిసింది బాబూ?"

అతను ఏదో ఫిర్యాదు నంబరు ఇచ్చి ఫోన్ పెట్టేశాడు.

ఆఫీసు యజమాని అయిన ఇంజినీరు ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు. "కాలంతో పాటు మనమూ మారాలి కదక్కా," అన్నాడు. ఆ 'మనం'లో తానొక్కతే ఉందని ఆమెకు అర్థమైంది.

నెల తిరక్కుండానే వెల్డింగ్ మేస్త్రి ఫోన్ చేశాడు. ఓ క్లినిక్ పైఅంతస్తుకు ఇనుప మెట్లు ఆమె గీసిస్తే అతను చేశాడు.

"అమ్మా, మెట్లు పైకి అందట్లేదు. మూడున్నర సెంటీమీటర్లు తక్కువొచ్చాయి."

ఆమె వెంటనే ఫైలు తెరిచి చూసింది. ఒక్కో మెట్టు ఎత్తు నూట అరవై రెండున్నర మిల్లీమీటర్లు. గీత సరిగ్గానే ఉంది. పక్కన అంకె మాత్రం నూట అరవై అని ఉంది. కొత్త వెర్షన్ తనంతట తానే కొలతలను దగ్గరి పదికి సర్ది చూపిస్తోంది. మెట్టుకు రెండున్నర చొప్పున, పద్నాలుగు మెట్లకు ముప్పై అయిదు మిల్లీమీటర్లు.

"ప్రింటు తీసేముందు చూసుకోలేదా అక్కా?" అన్నాడు ఇంజినీరు.

"చూసుకోలేదు. సెట్టింగు దానిదే, సంతకం మాత్రం నాది," అని ఆమె టేపు తీసుకుని బయల్దేరింది.

మేస్త్రి అప్పటికే ఓ ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు. "అడుగున మందపాటి పలక వేసి మొత్తం లేపేద్దామమ్మా. గంటలో అయిపోద్ది."

"మొదటి మెట్టొక్కటే ఎత్తైతే మోకాళ్ల నొప్పులవాళ్లు అక్కడే తూలిపోతారు మేస్త్రీ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే మెట్లివి. డాక్టరు పాలు చేసేవి కాకూడదు."

మేస్త్రి నవ్వాడు, ఆ వెంటనే నిట్టూర్చాడు. మెట్లన్నీ విడదీసి మళ్లీ అతకాల్సిందే. రెండు రోజులు పట్టింది. ఆమె పక్కనే కూర్చుని ఒక్కో మెట్టుకూ సుద్దముక్కతో గుర్తు పెట్టింది.

"ఇన్నేళ్లలో మీ కాగితాన్ని నేను సరిచూసింది లేదమ్మా. అంత నమ్మకం," అన్నాడు మేస్త్రి మధ్యలో.

మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె మాత్రం సుద్దముక్క పక్కన పెట్టింది. "ఇకనుంచి సరిచూడు మేస్త్రీ. నేనూ చూస్తాను," అంది.

రెండో రోజు మధ్యాహ్నం ఇంజినీరు వచ్చాడు. సుద్ద గుర్తులన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"ఆ సెట్టింగు వెతకడానికి నాకే రెండు గంటలు పట్టిందక్కా. మీకేమో పాఠాలు చెప్పాను. ఈ వారం కొత్త పనేదీ మీ బల్ల మీద పెట్టను. మీ పాత అక్షరాలన్నీ అందులో తిరిగి పెట్టించుకోండి. నేనూ కూర్చుంటాను."

"మీరు కూర్చుంటే రెండు వారాలు పడుతుంది," అందామె. ముగ్గురూ నవ్వారు.

సాయంత్రానికి చివరి అతుకు చల్లారింది. "ఎక్కి చూడండమ్మా," అన్నాడు మేస్త్రి. ఆమె కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకుని ఎక్కింది. పాదం ఎక్కడా వెతుక్కోలేదు. పద్నాలుగో అడుగు కుదుపు లేకుండా పైఅంతస్తు నేల మీద పడింది. ఆమె కళ్లు తెరవకుండా అక్కడే కాసేపు నిలబడింది.