అంచు మూసిన కందకం

మా ఇంట్లో యుద్ధం భోజనాల బల్ల మీద జరుగుతుంది. భోజనాలు మాత్రం కంచాలు ఒళ్ళో పెట్టుకుని చేస్తాం.

మామయ్య రిటైరైన సర్వేయరు. ఉద్యోగమంతా ఉన్న నేలను కొలిచారు, ఇప్పుడేమో వందేళ్ళ కిందటి యుద్ధభూమిని బల్ల మీదికి దింపుతున్నారు. ఆదివారమైతే మందుల షాపాయన, బస్సు డ్రైవరూ వచ్చేస్తారు. గోరంత సైనికుల బొమ్మలను జరుపుతూ, పాచికలు వేస్తూ, ముగ్గురూ చీకటి పడేదాకా అరుచుకుంటారు. వాళ్ళకు టీ ఇచ్చేది నేనే. వాళ్ళ నేలను తయారుచేసేదీ నేనే.

పెళ్ళికి ముందు నుంచీ నేను కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో పనిచేసేదాన్ని. మైనంలో పన్ను చెక్కడం నా పని. మామయ్యకు చేతులు వణకడం మొదలయ్యాక, చూసుకోవడానికి మనిషి కావాలని కొన్నాళ్ళు సెలవు పెట్టాను. అప్పుడే ఆయన మొహమాటపడుతూ, "ఈ ఒక్క గోడ చెక్కి పెట్టమ్మాయ్" అన్నారు. ఆ ఒక్క గోడ ఇప్పటికీ పూర్తి కాలేదు. సెలవు కాస్తా మానేయడం అయింది.

ఆయన చెడ్డమనిషైనా బాగుండేది. విసుక్కుని, మొహం మీదే చెప్పి బయటపడేదాన్ని. ఈయన నేను చేసిన ప్రతి ఇసుక మూటనూ భూతద్దం పెట్టి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వుతారు. ఆ నవ్వే నా కాళ్ళు కట్టేసింది.

ఆ రోజు పొద్దున ల్యాబు మేడం ఫోన్ చేశారు.

"నీ కుర్చీ ఖాళీ అయింది. సాయంత్రంలోపు ఏ సంగతో చెప్పెయ్. లేదంటే వేరే అమ్మాయిని తీసుకుంటాను."

మా ఆయనతో చెప్పాను. "నీ ఇష్టమే. మధ్యాహ్నం పూటకి మనిషిని నేను కుదురుస్తాలే. నాన్నకి మాత్రం నువ్వే చెప్పు" అని, బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆయనగారి ధైర్యం అంతవరకే.

సరే, చెప్పేద్దామని బల్ల దగ్గర మామయ్య పక్కన కూర్చున్నాను. కొత్త పలక పని సగంలో ఉంది. బల్లను తవ్వలేం కదా, అందుకని గట్టి ఫోమ్ పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి, పై పలకల్లో వంకర్లు తిప్పుతూ కందకం కోస్తాం. వంకరలు ఎందుకంటే, గుండు ఒకచోట పడితే ఆ దెబ్బ కందకం పొడుగునా పోకూడదట. లోపలి గోడలకు ఐస్‌క్రీం పుల్లలు చీల్చి చెక్కల్లా అంటిస్తాను. బంకమట్టి ఉండల్ని గుడ్డతో నొక్కితే నేత అచ్చు పడి ఇసుక మూటలవుతాయి. వాడిన టీ పొడి ఎండబెట్టి జిగురులో కలిపితే బురద.

చెక్కలు అంటించాక చెబుదామనుకున్నాను. తర్వాత, మూటలు పేర్చాక. ఆ తర్వాత, బురద ఆరాక. నాలుక మీదికి వచ్చిన మాటను అలా మింగుతూనే ఉన్నాను, గడియారమేమో నాకోసం ఆగడం లేదు. బురద కూడా ఆరిపోయింది.

మామయ్య భూతద్దం తీసి పలక మీదికి వంగారు. ఈసారి నవ్వలేదు.

"అమ్మాయ్, వీళ్ళు వెనక్కి ఎటు నుంచి వెళ్తారు?"

"ఎవరు?"

"ఇందులో ఉండేవాళ్ళు. గాయపడినవాణ్ణి మోసుకెళ్ళాలి. అన్నం రావాలి, నీళ్ళు రావాలి. వెనక్కి పోయే దారేదీ? చుట్టూ మూసేశావే!"

చూశాను. నిజమే. కందకం ఎక్కడా పలక అంచుదాకా రాలేదు. నాలుగు వైపులా నున్నగా, సందు లేకుండా మూసి ఉంది. నా పాత పనిలో అంచే ప్రాణం. తొడుగు పన్ను అంచు దగ్గర వెంట్రుకంత సందు ఉన్నా లోపలి అసలు పన్ను కుళ్ళుతుంది, మేడం దాన్ని మా మొహాన కొడతారు. అంచు మూయడం నా వేళ్ళకు పట్టిన అలవాటు. నాకు తెలియకుండానే మూసేశాయి.

"ఒక్కదారైనా లేదేంటమ్మా, పాపం వీళ్ళకి?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళ సంగతి అడుగుతున్నారు! నా సంగతి ఎవరైనా అడిగారా మామయ్యా? నేనెటు నుంచి వెళ్ళాలి? పొద్దున లేస్తే బురద, మూటలు, ముళ్ళకంచె! నాకు ఊపిరాడటం లేదు. ల్యాబులో పిలిచారు. సాయంత్రంలోపు చెప్పాలి. మీకు చెప్పలేక చస్తున్నాను."

అనేశాను. అన్నాక ఆయన మొహంలోకి చూడలేకపోయాను. సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఏదో బరువు దిగినట్టు హాయిగానూ ఉంది. అందుకు ఇంకా సిగ్గేసింది.

మామయ్య చెయ్యి చాచి, నా ముందున్న కత్తి తీసుకున్నారు.

"మామయ్యా, తెగుతుంది!"

"తెగనీ."

ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, పలక మీద కత్తి దించారు. కందకం వెనక గోడ నుంచి అంచుదాకా కోశారు. కత్తి ఇటూ అటూ పోయింది. మూటలు ఊడిపడ్డాయి, చెక్కలు విరిగాయి, ఫోమ్ ముక్కలై లేచింది. దారి అనడానికి లేదు, ఎలుక కొరికినట్టుంది. కానీ అంచు తెరుచుకుంది.

"వెళ్ళి ఫోన్ చెయ్" అన్నారు, ఆయాసపడుతూ.

వరండాలోకి వెళ్ళి చేశాను. సోమవారం నుంచి వస్తానన్నాను. వినబడలేదేమోనని రెండోసారీ చెప్పాను.

తిరిగి వచ్చేసరికి ఆయన ఆ కొత్తదారిలో ఒక సైనికుణ్ణి నిలబెట్టాలని చూస్తున్నారు. వేళ్ళ మధ్య నుంచి జారిపోతున్నాడు. పడ్డవాణ్ణి తీస్తున్నారు, మళ్ళీ పడేస్తున్నారు. నేను చేస్తే ఒక్క క్షణం పని. గబగబా అడుగు వేశాను.

"రాకమ్మా" అన్నారు తల ఎత్తకుండానే. "ఇంక ఇది నేనే నేర్చుకోవాలి."

గుమ్మంలోనే ఆగిపోయాను. నా చేతులు ఆగడం లేదు. రెండింటినీ చంకల్లో గట్టిగా ఇరికించుకుని, ఆ సైనికుడు పడటం, లేవడం చూస్తూ నిలబడ్డాను.