వేలికి తెలియని సూది

షాంపూ కలిపిన నీళ్ళు మోటారుసైకిలు ట్యాంకు మీద చల్లి, వెనక కాగితం ఊడదీసిన స్టిక్కరును రెండు చేతులా పట్టుకుని మునస్వామి నెమ్మదిగా దించాడు. పాలు పోసేవాడి బండి అది. క్యాన్ల రాపిడికి రంగు లేచిపోయిన చోట ఎర్ర గీతల స్టిక్కరు వేయమన్నాడు. మునస్వామి రబ్బరు పలక తీసుకుని నడిమి నుంచి అంచుకు, నడిమి నుంచి అంచుకు తోసుకుంటూ పోయాడు. కింద ఇరుక్కున్న నీళ్ళు, గాలి కలిసి అంచుల్లో నుంచి బయటికొచ్చి అతని లుంగీ మీద కారాయి.

తరువాత చేసిన పని చూస్తే పాలవాడికి నవ్వొచ్చింది. మునస్వామి చుట్టూ ఒకసారి చూసి, నడుం వంచి, కుడి చెంప తెచ్చి ట్యాంకుకు ఆనించాడు. ఆనించి అటూ ఇటూ జరిపాడు. మూత దగ్గర ఒకచోట ఆగి, చొక్కా కాలరుకు గుచ్చుకున్న సూది తీసి, చెంప ఆగిన చోట ఏటవాలుగా పొడిచి పలకతో నొక్కాడు. కంటికి కనపడని బుడగ ఒకటి అణిగిపోయింది.

"ముద్దు పెట్టుకుంటాండావా ఏంది నా బండికి?" అన్నాడు పాలవాడు.

మునస్వామి కూడా నవ్వేశాడు. నవ్వేయక ఏం చెబుతాడు. ఆ చెంప సంగతి చిత్తూరులో అతనికి ఒక్కడికే తెలుసు.

పోయిన మామిడికాయల కాలంలో మొదలైంది. వేళ్ళ కొసలకు ఏదో పొర కట్టినట్టుంటే, జిగురు అంటుకుందనుకుని పెట్రోలుతో కడిగాడు. కడిగినా పోలేదు. ఉగాదికల్లా పది వేళ్ళూ మొద్దుబారాయి. అన్నం వేడిగా ఉందో చల్లగా ఉందో నోట్లో పెట్టుకుంటే గాని తెలియదు. చేతికొచ్చిన జబ్బుకు పుత్తూరు కట్టు తప్ప ఇంకేముంటుందని ఒక ఆదివారం బస్సెక్కి పుత్తూరు పోయాడు. అక్కడి పెద్దాయన ప్రతి కీలూ వంచి చూసి, ఇది ఎముక దోషం కాదు, పోయి రక్తం చూపించుకో అని మర్యాదగానే చెప్పాడు. ఎముకలు బాగున్నాయన్న సంతోషంతో మునస్వామి బస్టాండులో రెండు మైసూర్‌పాకులు తిని ఇల్లు చేరుకున్నాడు. రక్తం సంగతి మళ్ళీ ఎత్తలేదు. దొడ్లో అతను ఒంటికి పోయిన చోట చీమలు పడుతున్నాయని పెళ్ళాం వసంతమ్మ రెండుసార్లు చెప్పింది. ఎండలకు చీమలు పడతాయన్నాడు.

వేళ్ళకు బుడగ తగలకపోతే చెంపకు తగులుతుందని ఎలా కనిపెట్టాడో అతనికే గుర్తు లేదు. అప్పటి నుంచి రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. మాసిన గడ్డానికి బుడగ తెలియదు మరి. యాభై నాలుగేళ్ళ వయసులో ఈ సోకులేందని వసంతమ్మ ఎగతాళి చేసేది.

వేళ్ళ సంగతి ధనంజయకు తెలిసిన రోజు అంగట్లో తనకు చోటు ఉండదని మునస్వామికి తెలుసు. ధనంజయ ఓనరు. అతని నాయన బతికున్న కాలంలో ఇది నంబరు ప్లేట్లు రాసే అంగడి, రాసేది మునస్వామి. స్టిక్కర్లు వచ్చాక ఆ పనీ మునస్వామే నేర్చుకున్నాడు, ధనంజయకూ నేర్పించాడు. అంచు నుంచి నడిమికి తోస్తే గాలి యాడికి పోతాదప్పా, నడిమి నుంచి తోయాల అని వాడి చెయ్యి పట్టుకుని మరీ చూపించాడు. అప్పట్లో వాడు అన్నా అని పిలిచేవాడు. పోయినేడు స్టిక్కర్లు కోసే కంప్యూటరు మిషను కొన్నాక మునస్వామీ అంటున్నాడు. ఏరు దాటినాక తెప్ప తగలేసే రకమని ఊరికే అనరు. ఈ మధ్య రెండు బండ్లు బుడగలతో తిరిగొచ్చాయి. ఇంకొకటి వస్తే రేపట్నుంచి రావద్దని ధనంజయ మొన్ననే చెప్పాడు, మిషను మీద నుంచి తల తిప్పకుండా.

తొమ్మిదింపావుకు నల్లటి కొత్త బండి వచ్చి ఆగింది. తోలుకొచ్చిన కుర్రాడు అమర్‌నాథ్. బంగారుపాళ్యం దగ్గర వాళ్ళకు మామిడి తోటలు. వెనక కూర్చున్న తల్లి చంద్రకాంతమ్మ చేతిలో పూజ సామాన్ల సంచి ఉంది. ట్యాంకు మీద ఏడుకొండలస్వామి ముఖం వేయాలి, పదిన్నరకు రాహుకాలం పడే లోపల పూజ చేసుకుని బండి కదలాలి. అంతే పని. ధనంజయ మిషను ముందు నుంచి లేచొచ్చాడు. దేవుడి ముఖానికి సూది తగలకూడదని ఆ అంగట్లో పాతకాలం నుంచీ నియమం. గీతలనైతే ఎన్ని పొడిచినా పాపం లేదు. స్వామి ముఖం కింద బుడగ పడితే మాత్రం, ఎంతసేపైనా సరే, వేలితో అంచుదాకా నడిపించుకుని పోవాలి.

"జాగర్త," అని మాత్రం అన్నాడు ధనంజయ.

ఆ రోజు కరెంటు ఏడింటికే పోయింది. వేడిగాలి కొట్టే డ్రయ్యరు పని చెయ్యదు. మునస్వామి నీడలోనే స్టిక్కరు దించాడు. కిరీటం నుంచి నామానికి, నామం నుంచి చెంపలకు తోసుకుంటూ వచ్చాడు. ఆ ఒక్క పావుగంటా ఇరవై ఏళ్ళ కిందటి మునస్వామిలాగే ఉన్నాడు. తోయడం అయ్యాక వంగి స్వామి ముఖానికి తన చెంప ఆనించాడు.

చంద్రకాంతమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. "సూడు రా అమరూ, ఎంత బక్తో. సామికి చెంపానిచ్చి మొక్కుతాండాడు." సంచిలోంచి అరటిపండు తీసి, పని అయినాక తినమని మునస్వామి పక్కన పెట్టింది. మునస్వామికి సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది.

చెంపకు ఏమీ తగల్లేదు. జిగురు బాగా పట్టడానికి బండిని ఎండలోకి నెట్టమన్నాడు. చిత్తూరులో మే నెల ఎండ. ఐదు నిమిషాలకు నల్ల ట్యాంకు పెనంలా కాలింది. నీడలో ఎక్కడో నక్కిన గాలి ఎండకు ఉబ్బింది. సరిగ్గా నామం పక్కన, స్వామి కుడి చెంప మీద, కందిగింజంత బుడగ లేచి నిలబడింది.

టైము పదీ పది. ధనంజయ టీ తాగడానికి పక్క అంగడికి పోయాడు. చంద్రకాంతమ్మ కొబ్బరికాయకు పసుపు రాస్తోంది. అమర్‌నాథ్ అద్దంలో జుట్టు సరిచేసుకుంటున్నాడు. మునస్వామి బొటనవేలితో బుడగను అంచుకు నడిపించడానికి చూశాడు. వేలి కింద బుడగ ఉందో లేదో తెలియదు. వేలు తీసి చూస్తే పక్కకు జరిగి ఉంటుంది, మళ్ళీ నొక్కితే మొదటికే వస్తుంది. చెంప పెడదామంటే ట్యాంకు కాలిపోతోంది. అయినా పెట్టాడు. చర్మం చురుక్కుమంది గాని బుడగ దొరకలేదు.

ఇరవై రెండేళ్ళలో చెయ్యని పని అప్పుడు చేశాడు. తప్పైపోయింది సామీ, ఈ ఒక్కసారికి అని లోపల అనుకుని, కాలరు నుంచి సూది లాగి, ఎవరికీ కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, బుడగ అంచున పొడిచాడు. ఎడమ బొటనవేలితో గట్టిగా రుద్దాడు. బుడగ అణిగిపోయింది. నామం పక్కన అద్దంలాగా నున్నగా అయింది. అమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడు కనిపించింది, స్వామి చెంప మీద ఎర్రటి చార. కుంకుమ రాలిందనుకున్నాడు. బొటనవేలితో తుడిచాడు. చార పెద్దదైంది. మళ్ళీ తుడిచాడు. ముక్కు మీదికి, పెదాల మీదికి పాకింది. సూది బుడగలోంచి జారి తన బొటనవేలిలోకే సగం దాకా దిగి అక్కడే నిలబడి ఉండడం, అతనికి తప్ప అందరికీ కనిపించింది.

చంద్రకాంతమ్మ పసుపు చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, "సుక్రవారం పూట కొత్త బండి మీద రత్తం," అంది నెమ్మదిగా. టీ గ్లాసుతోనే ధనంజయ పరిగెత్తుకొచ్చాడు. బండి చూశాడు, వేలు చూశాడు, వేలిలో సూది చూశాడు. గ్లాసు పక్కన పెట్టి ఆ సూది పట్టుకుని లాగాడు. మునస్వామి ముఖంలో ఏ మార్పూ లేదు. ధనంజయకు అంతా అర్థమైంది. చెంప ఆనించడం, గడ్డం గీసుకోవడం, తిరిగొచ్చిన రెండు బండ్లు.

వచ్చినవాళ్ళకు ఏదో ఒక సమాధానం చెప్పాలి గదా ఓనరు. అప్పటికి టీ అంగడి నుంచి ఏడెనిమిది మంది చేరారు. ధనంజయ మునస్వామిని అంగట్లోకి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాడు. రెండు చేతులూ బల్ల మీద చాపమన్నాడు.

"కండ్లు మూసుకో."

"దేనికప్పా?"

"మూసుకో అంటాండా గదా. సూదితో పొడస్తా. యా వేలో చెప్పు. కరెస్టుగా చెప్తే పనిలో ఉండు."

మునస్వామి కళ్ళు మూసుకున్నాడు. ఇంత వయసుకు ఎప్పుడూ దేన్నీ అంత శ్రద్ధగా వినలేదు. తన చేతులు ఏమంటాయోనని చెవులప్పగించి కూర్చున్నాడు.

"ఇప్పుడు యా వేలు?"

"చూపుడేలు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇప్పుడు?"

"చిటికినేలు. ఎడంచేతిది."

"గట్టిగా పొడిచినానా, మెల్లిగానా?"

"గట్టిగానే పొడిచినావప్పా. బాగా తెలస్తాంది."

అంగడంతా భళ్ళున నవ్వింది. అమర్‌నాథ్ అయితే బండి పట్టుకుని నవ్వాడు. మునస్వామి కళ్ళు తెరిచాడు. ధనంజయ నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. సూది అతని దగ్గర లేదు. మొదటి ప్రశ్నకు ముందే గోడనున్న క్యాలెండరుకు గుచ్చేశాడు. వేళ్ళను ఎవరూ ముట్టుకోనే లేదు.

ఆ నవ్వులో కలవనిది చంద్రకాంతమ్మ ఒక్కతే. వాకిట్లో నుంచే అడిగింది. "ఐతే ఇంతసేపూ సామి ముందర నాటకమాడినావా?"

నాటకం కాదని చెప్పాలనుకున్నాడు మునస్వామి. బుడగ కోసమే చెంప ఆనించినా, ఆనించిన ప్రతిసారీ స్వామిని తలుచుకునేవాడు. చెబితే మళ్ళీ నవ్వుతారని ఊరుకున్నాడు. ఆమె అరటిపండు వెనక్కి తీసుకుని సంచిలో వేసుకుంది.

ధనంజయ పాత స్టిక్కరు పీకేసి, తనే ఇంకొకటి ఏడు నిమిషాల్లో అంటించాడు. స్వామి గడ్డం కింద రెండు బుడగలు పడ్డాయి. రెండెండలు తగిలితే అవే పోతాయని చెప్పాడు. టైమైపోతోంది, ఉండనీలే అంది చంద్రకాంతమ్మ. చక్రాల కింద నిమ్మకాయలు పగిలాయి, బండి కదిలింది. మునస్వామి తన రబ్బరు పలకను నీళ్ళతో కడిగి, ఎప్పుడూ పెట్టే చోట పెట్టి బయటికి నడిచాడు. పోతున్నవాణ్ణి ఎవరూ పిలవలేదు.

కట్టమంచిలో ఇల్లు. మైలున్నర నడక. తారు కరిగి టైర్ల అచ్చులు పడుతున్నాయి. ఇంత పెందలాడే వచ్చినావేందని వసంతమ్మ వాకిట్లోనే అడిగింది. కరెంటు లేదన్నాడు. సంగటి పెట్టమన్నాడు. ఆమె లోపలికి పోబోతూ అతని కాళ్ళ వైపు చూసి ఆగిపోయింది. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమకాలికి లేదు.

"ఇంగో చెప్పు యాడ?" అంది.

మునస్వామి కిందికి చూసుకున్నాడు. ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియదు. వసంతమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి ఆ పాదం ఎత్తి చూసింది. అరికాలంతా బుడగలు. చిన్నవీ పెద్దవీ, నీళ్ళు నిండి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. ఆమె ఏడ్చింది. అతను మాత్రం చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుని, "పొడస్తే పోతాయిలే," అన్నాడు.

పొడవనక్కర్లేకుండా అవే పగిలాయి. వారానికి పాదం నల్లబడింది. అప్పుడు గాని రక్తం చూపించలేదు. పందొమ్మిదో నాడు, వసంతమ్మ ఆసుపత్రి మెట్లు దిగి గంజి తేవడానికి పోయిన పది నిమిషాల్లో, మునస్వామి పోయాడు. ఆమె గంజి చల్లార్చి మరీ తెచ్చింది, అతనికి వేడి తెలియదని.

ధనంజయ పూలదండ తెచ్చాడు. చేతిలో ఇద్దె ఉన్నోడు, నాకు పని నేర్పించిందే ఆయప్ప అని నలుగురిలో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు దొంగవని చెప్పలేం. పదకొండో దినం పోయాక వసంతమ్మ అంగడికి వచ్చి మొగుడి వస్తువులు అడిగితే, దువ్వెన, ఖాకీ చొక్కా, రబ్బరు పలక ఒక కవరులో వేసి ఇచ్చాడు. సూది సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆ అంగట్లో అంటించే ప్రతి బండికీ రెండో మూడో బుడగలు ఉంటాయి. ఎండకు పోతాయంటే జనం నమ్మి పోతున్నారు. దేవుడి ముఖానికి సూది తగలకూడదన్న నియమం మాత్రం అట్లాగే ఉంది. గోడ మీద క్యాలెండరుకు కింద నెలల కాగితాలు ఒక్కొక్కటే చిరిగిపోయాయి గాని, పైన స్వామి బొమ్మ ఉన్న అట్ట అట్లాగే ఉంది. ఆ స్వామి కుడి చెంపలో, ధనంజయ గుచ్చిన చోటనే, కొస తుప్పు పట్టి మునస్వామి సూది ఉంది.