రెండు సిగ్గులు

ఇంగ్లీషులో జంట మాటలు నేర్పాలంటే నాకు ప్రాణం మీదికి వస్తుంది. హియర్ వేరట, లిజన్ వేరట. హౌస్ వేరు, హోమ్ వేరు. చిత్తూరులో మా ఆడపిల్లల బడిలో ఇవి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. పిల్లలు బుద్ధిగా తలలు ఊపుతారు, పరీక్షలో తారుమారు చేసి రాస్తారు.

అది చాలదన్నట్టు సాయంత్రాలు ఇంకో శిష్యురాలు తగులుకుంది. పేరు చౌడేశ్వరమ్మ. నగరి నేతగాళ్ళ కోడలు. యుద్ధం వచ్చి నూలు దొరక్క మగ్గం ఆగిపోతే మొగుడూ పెళ్ళాలిద్దరూ చిత్తూరు చేరారు. మొగుడు ఆదికేశవులు బస్సుల దగ్గర మూటలు మోస్తున్నాడు. ఈమె ఎనిమిది దాకా చదివింది గనక టీచర్ల ట్రైనింగులో సీటు కోసం నా దగ్గర ఇంగ్లీషుకు వచ్చేది. ఆ సీటు వస్తే రేపు ఉద్యోగం వస్తుంది. వాళ్ళ ఆశంతా దాని మీదే.

తెలివైన పిల్లే గాని ఒక్కటే తంటా. వారాలు చెప్పమంటే, "శనివారం, దాని మరుసటి దినం, సోమవారం" అనేది. మొగుడి పేరులో ఆది ఉంది కాబట్టి ఆదివారం ఆమె నోట రాదు.

"ఆ దినం పంచాంగంలో లేదా ఏం?" అని కసిరాను.

"పంచాంగంలో ఉండాది టీచరమ్మా. నా నోట్లో లేదు" అంది. సండే అని మాత్రం ఎన్నిసార్లయినా హాయిగా అనేది.

ఒకరోజు షై, అషేమ్డ్ దగ్గర ఆగాం. మనకు రెండూ సిగ్గే. మొదటిది బిడియం, రెండోది తలవంపు అని చెప్పి, పదిసార్లు వల్లె వేయించి పంపాను.

ఇంటర్వ్యూ రోజున ఆదికేశవులు తోడు వచ్చాడు గాని ట్రైనింగు స్కూలు గేటు దాటలేదు.

"నేనీడనే ఉంటాలే టీచరమ్మా. ఈ మాసిన గుడ్డలతో నన్ను సూస్తే సీటియ్యరు. దానికి గూడా నామర్దా" అన్నాడు. చౌడేశ్వరమ్మ ఆ మాట విన్నది. మొగుణ్ణి ఒక్క చూపు చూసి నాతో లోపలికి నడిచింది.

లోపల ఆ స్కూలు పెద్ద, ఇంగ్లీషు దొరసాని, పుస్తకాల తెలుగులో ఏవేవో అడిగింది. అన్నిటికీ చౌడేశ్వరమ్మ బాగానే చెప్పింది. మొగుడేం చేస్తాడంటే, "మగ్గం మా పని. ఇప్పుడు మూటలు మోస్తా ఉండాడు" అని తడుముకోకుండా అంది.

"అతని పేరు?"

అంతే, నోరు మూతపడింది. నావైపు చూసింది. ఇలాంటప్పుడు పక్కనున్న వాళ్ళు అందుకుని చెప్పడం మన ఆనవాయితీ. నేను నోరు తెరవబోతే దొరసాని చెయ్యెత్తి ఆపింది.

"మీరు కాదు. ఆమె చెప్పవలెను. భర్త పేరు పలకలేని అమ్మాయి తరగతి నిండా పిల్లల ముందు ఏమి పలుకును?"

సీటు పోయినట్టే. దొరసాని జాలిగా చూసి, ఇంగ్లీషులో మెల్లగా అడిగింది, కూలివాడని ఆర్ యూ అషేమ్డ్ ఆఫ్ హిమ్ అని.

చౌడేశ్వరమ్మ చివ్వున తలెత్తింది.

"నో మేడమ్! ఐ యామ్ షై."

"రెండింటికీ భేదమేమి?"

నేను నేర్పింది అప్పజెబుతుందని కాచుకున్నాను. ఆమె లేచి విసవిసా బయటికి పోయింది. కిటికీలోంచి చూస్తున్నాను. గేటు దగ్గర మొగుడి చెయ్యి పట్టుకుంది. అతను వెనక్కి గుంజుకుంటున్నాడు.

"యాడికే? వద్దంటే ఇనవే!"

"రా. నువ్వు నాకు తలవంపంట. వచ్చి నా పక్కన నిలబడు."

దుమ్ము కొట్టుకున్న పంచెతో ఉన్నవాణ్ణి ఉన్నట్టే లాక్కొచ్చి బల్ల ముందు నిలబెట్టింది. "ఈయనే మేడమ్, నా మొగుడు" అంది. ఆ పిల్లను చూస్తే నాకెంత ముచ్చటేసిందో చెప్పలేను.

దొరసాని అతని పేరడిగింది.

"ఆదికేశవులు తల్లీ."

"మీ భార్య పేరు?"

అతను పైకప్పు చూశాడు. నన్ను చూశాడు. చెవి గోక్కున్నాడు.

"మా ఇంట్లో మనిషి తల్లీ."

"అవును. పేరు?"

"అదే తల్లీ... మా ఇంట్లో మనిషి."

"హి ఈజ్ ఆల్సో షై, మేడమ్" అని చౌడేశ్వరమ్మ మొగుణ్ణి ఆదుకుంది.

దొరసాని పకపకా నవ్వింది. నాకైతే నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆదికేశవులు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నవ్వు ఆగాక దొరసాని, "సీటు ఇచ్చితిమి. సోమవారము హాస్టలులో చేరవలెను. రెండు సంవత్సరములు ఇక్కడనే నివాసము" అంది.

హాస్టలు సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఆదికేశవులు మొహంలో నవ్వు అట్లాగే ఆరిపోయింది.

"రెండేండ్లా?" అన్నాడు. దొరసాని ఉందని మరిచాడు, నేనున్నానని మరిచాడు. గిరుక్కున పెళ్ళాం వైపు తిరిగి, "చౌడేశ్వరీ!" అన్నాడు.

ఆమె పెళ్ళయినప్పటి నుంచీ ఏమే, ఇదిగో అన్న పిలుపులు తప్ప ఎరగని మనిషి. మొహమంతా ఎర్రబడిపోయింది. తల దించుకుని, మా ఎవ్వరికీ వినిపించకూడదన్నట్టు చిన్నగా పలికింది.

"ఊ... ఈ ఊర్లోనే ఉంటా గదా. యాడికీ పోను."