నాపరాతి బోర్డు

పొద్దున్నే చెన్నమ్మ కాలేజీలో ఏడో నంబరు గది ఊడ్చి, బెంచీలు సర్ది, చివరికి తడిగుడ్డ పిండి బోర్డు మీద ఆ చివర నించి ఈ చివరకి లాగేది. కొన్ని మాటలు పోయేవి, కొన్ని పోయేవి కావు. పోనివాటి జోలికి రెండోసారి వెళ్ళకుండా బకెట్టు తీసుకుని వరండాలోకి వచ్చి, ఎదురైన లెక్చరర్‌కి ఆ సంగతి చెప్పేది.

"నిన్నటి పాఠంలో రెండు మాటలు నిలబడ్డయి సార్."

మాచర్లలో ఆ కాలేజీ కట్టిన రోజుల్లో కమిటీ ప్రెసిడెంటు తన క్వారీలోంచి నల్ల నాపరాయి ఒకటి కోయించి గోడలో పెట్టించాడు. అదే బోర్డు. క్లాసు రిజిస్టర్లో పేరున్న ప్రతి ఒక్కరికీ ఒంటబట్టేదాకా దాని మీద రాసిన మాట చెరిగేది కాదు. బట్టీ పట్టి అప్పజెబితే లాభం లేదు. ఎండాకాలం బావులు అడుగంటడం ఎట్లాగో ఇదీ అట్లాగే అనుకుని ఊళ్ళో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. పూర్వం ఒక ఇంగ్లీషు లెక్చరర్ మంచుదేశపు పువ్వు మీద పద్యం ఒకటి మొత్తం రాసి పాఠం చెప్పాడట. ఆ బ్యాచీ పాసయ్యో ఫెయిలయ్యో కాలేజీ వదిలిపోయేదాకా పద్యం అక్కడే ఉంది. లెక్కల మాస్టారు పాపం దాని పక్కన మిగిలిన జానెడు చోట్లో లెక్కలు చెప్పుకున్నాడు.

నాగేశ్వరరావుది నాదెండ్ల. రైతు కుటుంబంలో ఎమ్మే దాకా చదివిన మొదటివాడు. మాచర్లలో ఇంగ్లీషు లెక్చరర్‌గా టెంపరరీ పోస్టు. ఎనభై ఆరు జూన్‌లో ప్రిన్సిపాల్ వెంకటప్పయ్య గారు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాడు.

"తెలుగు మీడియం పిల్లలండీ అందరూ. ఇంటర్ పాసయ్యొచ్చారు గానీ ఇంగ్లీషులో తమ పేరు చెప్పమంటే నేల చూస్తారు. అక్షరాల దగ్గర మొదలుపెట్టి ఏడాది తిరిగేసరికి పేపరు చదివేట్టు ఒక కోర్సు తయారుచెయ్యండి. యూనివర్సిటీవాళ్ళు వచ్చి చూస్తారు. బోర్డు శుభ్రంగా కనపడిందా, మీ పోస్టు పర్మనెంటు."

నాగేశ్వరరావు హైదరాబాదు ట్రైనింగులో ఇచ్చిన నమూనా ముందేసుకున్నాడు. మొదటి పాఠం విమానాశ్రయంలో. రెండోది పెద్ద హోటల్లో గది తీసుకోవడం. మాచర్ల పిల్లలకి విమానాశ్రయం పాఠం చెబితే బోర్డు పదేళ్ళు చెరగదని నవ్వుకుని దాన్ని పక్కన పడేశాడు. మిగిలిన వేసవి సెలవులు కాస్తా ఖర్చయినా సొంతంగా రాసుకున్నాడు. బస్టాండులో, ఎరువుల కొట్లో, గురజాల కోర్టులో, ఉద్యోగంలో, ఆస్పత్రిలో. చిన్న మాటలు ముందు, పెద్ద వాక్యాలు వెనక. మిరపకోతల రోజుల్లో సగం క్లాసు చేలల్లో ఉంటుంది కాబట్టి అప్పుడు కొత్తపాఠం లేకుండా పాతవి తిప్పి చెప్పడం. నిజంగానే మంచి కోర్సు అది. ఆయనకీ ఆ సంగతి తెలుసు, కొంచెం ఎక్కువే తెలుసు.

మామూలు క్లాసులకు ముందు, పొద్దున్నే ఒక గంట ఈ కోర్సుకి పెట్టారు. ఇందులో హాజరు లేనివాళ్ళని ఇంగ్లీషు పరీక్షకి పంపకూడదని రూలు కూడా పెట్టారు. అక్కడే షాహిదాకి చిక్కొచ్చింది.

షాహిదా సాగర్ డ్యాం పక్కన విజయపురి సౌత్ నించి వచ్చేది. తండ్రి ఖాసిం అక్కడ బస్టాండు పక్కన ఆయిలింజన్లు బాగుచేస్తాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన ఆడపిల్ల ఆమే. డిగ్రీ అయితే డ్యాం ఆఫీసులో టైపిస్టుగా తీసుకుంటారని ఎవరో చెప్పగా, తన అన్న వద్దంటున్నా వినకుండా ఖాసిం పంపాడు. సాగర్ బస్సు ఎంత తొందరగా వచ్చినా అప్పటికి సగం పాఠం అయిపోయి ఉండేది. షాహిదా గుమ్మం దగ్గర ఆగి, ఊపిరి కూడదీసుకుని అడిగేది.

"మే ఐ కమిన్ సర్?"

నాగేశ్వరరావు చెడ్డవాడు కాదు. పాఠం మధ్యలో తెగడం ఆయనకి గిట్టదు, అంతే. తను చదువుకున్న రోజుల్లో హాస్టలు కాలేజీ పక్కనే కాబట్టి ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళి ఎరగడు. అందుకని జవాబు చెప్పకుండా పాఠం సాగించేవాడు. ఆ పిల్ల సంచి గుండెకి ఆనించుకుని వరండాలో నిలబడే పాఠం వినేది. గంట అయ్యాక లోపలికి వచ్చేది. రిజిస్టర్లో ఆబ్సెంటు పడేది.

దసరా సెలవులు దాటేసరికి బోర్డు మీద బస్టాండు పోయింది, ఎరువుల కొట్టు పోయింది, కోర్టు కూడా పోయింది. పిల్లలు ఇంగ్లీషులో వాయిదాలు అడగడం నేర్చుకుని ఒకర్నొకరు ఏడిపించుకుంటున్నారు. మిగిలింది ఒక్కటే వాక్యం. కోర్సు మొదటిరోజు, అందరికీ వచ్చిందే కదా అని ధైర్యం కోసం రాసింది. మే ఐ కమిన్.

"అదేందో పోవట్లా సార్," అంది చెన్నమ్మ. "ఇసక పెట్టి కూడా రుద్దా."

నాగేశ్వరరావుకి తల కొట్టేసినట్టయింది. ఒక్కొక్కర్నీ లేపి అర్థం అడిగాడు. అందరూ చెప్పారు. ఆఖర్న, గంట అయ్యాక లోపలికొచ్చి కూర్చున్న షాహిదాని లేపాడు.

"దీనర్థం ఏంటమ్మా?"

ఆ పిల్ల బోర్డు వైపు, తర్వాత గుమ్మం వైపు చూసింది.

"అడిగి బయట నిలబడటం సార్," అంది.

క్లాసంతా గొల్లున నవ్వింది. నాగేశ్వరరావు కూడా నవ్వాడు. ఇన్ని నెలల కష్టం ఈ ఒక్క పిల్ల దగ్గర ఆగిపోయిందా అనుకున్నాడు. వెంకటప్పయ్య గారి దగ్గరికెళ్ళి చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"యూనివర్సిటీవాళ్ళు సోమవారం వస్తున్నారు. ఎలాగూ ఆ అమ్మాయికి హాజరు లేదు. పేరు కొట్టేయండి. పరీక్షల లిస్టులోంచి నేనూ తీసేస్తా, ఇంటికి కార్డు రాయిస్తా."

"పాపమండీ, వాళ్ళింట్లో..."

"మీ పోస్టు సంగతి చూసుకోండి ముందు."

చూసుకున్నాడు. ఎర్రసిరాతో గీత గీశాడు. మర్నాడు షాహిదా వచ్చి గుమ్మం దగ్గర అడగబోతుంటే తనే లేచి వెళ్ళి, పేరు తీసేశామని మెల్లగా చెప్పాడు. ఆ పిల్ల ఏడవలేదు. "మంచిది సార్," అని సంచి సర్దుకుని బస్టాండు దారి పట్టింది.

చెన్నమ్మ బోర్డు తుడిచింది. వాక్యం అట్లాగే ఉంది.

శనివారం సాయంత్రం దాకా నాగేశ్వరరావు తనే గుడ్డ పట్టుకుని రుద్దుతూ ఉన్నాడు. వెంకటప్పయ్య గారు వచ్చి గుమ్మంలో నిలబడి చూసి విసుక్కున్నాడు.

"ఇంకెవరికి రానట్టండీ? పిల్లలందరూ చెప్పారంటిరి. రిజిస్టర్లో వాళ్ళ పేర్లు కాక పైన ఉండేది మీ పేరేగా!"

మాట అనేసి ఆయన ఇంటికెళ్ళిపోయాడు. నాగేశ్వరరావు చేతిలో గుడ్డతో అక్కడే కూలబడ్డాడు. రోజూ ఒక పిల్ల గుమ్మంలో నిలబడి తనని ఒక ప్రశ్న అడిగింది. అది ప్రశ్న అని, దానికి జవాబు చెప్పాలని తనకి ఏనాడూ తోచలేదు. ఎమ్మే చదివిన మనిషికి ఆ నాలుగు ముక్కలు ఒంటబట్టలేదు.

ఆదివారం విజయపురి సౌత్ వెళ్ళాడు. రేకుల షెడ్డు ముందు ఖాసిం ఇంజన్ విప్పుకుని కూర్చున్నాడు. వెనక ఇల్లు, గుమ్మానికి గోనెపట్టా పరదా.

"నేను మాచర్ల కాలేజీ నించి. లోపలికి రావచ్చా?"

ఖాసిం తలెత్తి చూశాడు. మళ్ళీ తల దించుకుని నట్లు డీజిల్లో కడుక్కుంటూ ఉండిపోయాడు. నాగేశ్వరరావు నిలబడ్డాడు. బస్సులు దిగినవాళ్ళు ఆయన్ని చూసుకుంటూ పోయారు. ఎండ మాడు మీదకొచ్చింది. కూర్చోమన్నవాళ్ళు లేరు, పొమ్మన్నవాళ్ళు లేరు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఇట్లాగే నిలబడి, పైగా పాఠం కూడా విన్నదే అనుకున్నాడు.

ఖాసిం నట్లు పక్కన పెట్టి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"మీ కార్డు అందింది సార్. మా అన్న మొదట్నించీ వద్దంటానే ఉన్నాడు. నేనే ఆయన మాట కాదని పంపిచ్చినా. కాలేజీవోళ్ళే వద్దన్నాక నేనేం మొగం పెట్టుకుని మాట్లాడేది?"

"పొరపాటు నాది. షాహిదాని పిలవండి, నేను చెబుతా."

"ఏడుంది సార్ పిలవటానికి? పొద్దున బస్సుకి చిలకలూరిపేట పోయింది, వాళ్ళ పిన్నమ్మ కాడికి. నూలు మిల్లులో పెట్టిస్తానంది."

పరదా వెనక నించి తల్లి హజ్రా బీ గొంతు వినపడింది. "ఏంది సార్, మా పిల్లకి అంత చదువు రాదా?"

"వచ్చమ్మా. అందరికంటే బాగా వచ్చు."

"మరి ఎందుకు తీసేశారు?"

నాగేశ్వరరావు చివరి బస్సు దాకా ఆ ముంగిట్లోనే ఉన్నాడు. లోపలికి మాత్రం ఎవరూ రమ్మనలేదు.

సోమవారం చెన్నమ్మ గుడ్డ ఒక్కసారి లాగేసరికి వాక్యం చక్కగా పోయింది. యూనివర్సిటీవాళ్ళు నల్లగా నిగనిగలాడే రాయి చూసి సంతోషపడ్డారు. కోర్సులో ఉద్యోగం పాఠం, ఆస్పత్రి పాఠం మిగిలాయని చెబితే, కానివ్వండి, పెద్ద పరీక్షలకి ముందే ఆర్డరు పంపుతామన్నారు. వాళ్ళ జీపు గేటు దాటగానే నాగేశ్వరరావు షాహిదా పేరు మళ్ళీ లిస్టులో చేర్చమని అడిగాడు.

"లిస్టు వెళ్ళిపోయిందండీ. ఇక మన చేతుల్లో లేదు," అన్నాడు వెంకటప్పయ్య గారు.

నాగేశ్వరరావు క్లాసుకెళ్ళి రిజిస్టర్ తెరిచి, ఎర్రగీత కింద షాహిదా పేరు మళ్ళీ రాశాడు. పరీక్షకి పనికిరాదని తెలుసు. కానీ ఆ పేరు కొట్టేసి ఉన్న పుస్తకం ముందు నిలబడి పాఠం చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"మీకేమన్నా మతిపోయిందా?" అన్నాడు ప్రిన్సిపాల్. "రాని పిల్ల పేరు రిజిస్టర్లో ఉంటే బోర్డు చెరుగుతుందా?"

"చెరగదండీ."

చెరగలేదు. ఉద్యోగం పాఠంలో కొత్త మాటలన్నీ నిలబడిపోయాయి. ఆస్పత్రి పాఠం వాటి పక్కన చేరింది. చోటు చాలక ఆయన అక్షరాలు చిన్నవి చేశాడు, ఆ తర్వాత మూలల్లో రాశాడు. పిల్లలు మెడలు వంచి రాసుకున్నారు. ఆ పేరు కొట్టేయమని వాళ్ళలో ఒక్కరు కూడా అడగలేదు.

మిరపకోతలు మొదలైన రోజుల్లో చెన్నమ్మ ఖాళీ బకెట్టుతో వరండాలోకి వచ్చింది. "ఒక మాట పోయింది సార్," అంది.

ఉద్యోగం పాఠంలో సూపర్‌వైజర్ అన్న మాట ఉన్నచోట రాయి నల్లగా కనపడుతోంది. ఆ మాట షాహిదాకి వచ్చిందని క్లాసుకొచ్చిన అందరికీ అర్థమైంది. ముందు వరసలో ఆడపిల్లలు ఆ ఖాళీ వంకే చూస్తూ కూర్చున్నారు. నాగేశ్వరరావుకి మొదట సంతోషమేసింది. ఎక్కడో ఒకచోట నేర్చుకుంటోంది కదా అనుకున్నాడు. తర్వాత ఓవర్‌టైమ్ పోయింది. ఆ వెనక డిడక్షన్ పోయింది, జీతంలో కోత. ఇక సంతోషం మిగల్లేదు. ఉద్యోగం పాఠంలో ఇంక్రిమెంటూ, ప్రమోషనూ మాత్రం రాసినవి రాసినట్టే ఉన్నాయి.

అప్పటి నించి ఆయన పొద్దున్నే అందరికంటే ముందొచ్చి ఆస్పత్రి పాఠం చూసుకునేవాడు. ఇంగ్లీషు చెప్పి బతికే మనిషి, ఆ పిల్లకి ఆ మాటలు రాకుండా ఉంటే చాలని కనపడ్డ దేవుడికల్లా మొక్కాడు. ఆ పక్క తుడవొద్దని చెన్నమ్మని బతిమాలాడు.

"తుడవకపోతే జరిగేది జరక్కుండా ఉంటదా సార్?" అంది చెన్నమ్మ. అయినా ఆయన మాట కాదనలేక కొన్నాళ్ళు ఆ పక్కకి పోలేదు.

కమిటీవాళ్ళకి ఓపిక అయిపోయింది. ఒక ఉదయం వెంకటప్పయ్య గారు బోర్డు శుభ్రం చెయ్యమని చెన్నమ్మకి గట్టిగా చెప్పి, తనే దగ్గరుండి తుడిపించి, నాగేశ్వరరావు కోసం కాచుక్కూర్చున్నాడు. ఆయన సుద్దముక్కతో గదిలో అడుగుపెట్టగానే, పిల్లలు లోపలికొస్తుండగానే మొదలెట్టాడు.

"ప్రెసిడెంటు గారు తేల్చి చెప్పమన్నారండీ. ఇవాళ ఆ పేరన్నా తీసేయాలి, లేకపోతే మిమ్మల్నన్నా తీసేయాలి. మీ ఆర్డరు వారంలో వస్తోంది. మీ మంచికే చెబుతున్నా..."

నాగేశ్వరరావు వినడం లేదు. ఆస్పత్రి పాఠం మధ్యలో స్టిచెస్ అని రాసినచోట రాయి తడిగా, నల్లగా మెరుస్తోంది. కుట్లు. చేతికా, తలకా, ఎన్ని పడ్డాయో, ఎవరన్నా దగ్గరున్నారో లేదో, బోర్డు అవేమీ చెప్పదు.

ప్రిన్సిపాల్ కూడా తల తిప్పి చూశాడు.

"చిలకలూరిపేట బస్సు ఎన్నింటికండీ?" అన్నాడు నాగేశ్వరరావు.

"ఇప్పుడే ఉంది. పరిగెత్తితే అందుకుంటారు," అన్నాడు వెంకటప్పయ్య గారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "వెళితే మళ్ళీ ఈ గదిలోకి మిమ్మల్ని రానివ్వడం నా చేతుల్లో ఉండదండీ," అన్నాడు.

నాగేశ్వరరావు సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లల మధ్యనించి దారి చేసుకుంటూ బయటికి నడిచాడు.